బాయి నీళ్లు

శుక్రవారం వస్తే సైట్ బట్టలు నానబెట్టి, సహం పట్టణం దగ్గరి ఖర్జూరం తోటలో పంపు నడిపే కాక దగ్గరికి పోయేవాణ్ణి. ఆయన నాకు చుట్టం కాదు. మా ఊళ్లో ఒకే బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లం. ఆయనది పంపు, నాది బొగ్గు ఎత్తే పని. బాయి మూతపడ్డాక పర్మినెంటు వాళ్లను పక్క బాయిలకు మార్చారు. ఆయన కంట్రాక్టు మనిషి, నేను ఎవరైనా రానిరోజు వాళ్ల బదులు దిగే బదిలీవాణ్ణి. అడిగే నాథుడు లేక ఇద్దరం ఒమన్‌లో తేలాం.

వంట అయ్యేలోపు కాక బాయి చరిత్రంతా చెప్పేవాడు. వారానికో కొత్త ముక్క చేరేది కాబట్టి నాకు విసుగు పుట్టేది కాదు. అబద్ధమెందుకు, అప్పుడప్పుడు పుట్టేది. తాతల కాలంలో తాగునీళ్ల కోసం తవ్వితే నల్లరాయి తగిలిందట. పొయ్యిలో పెడితే మండిందట. ఇంకేముంది, నీళ్ల సంగతి మరిచి బొగ్గు కోసం లోపలికి పోయారు. మొదట తట్టలతో మోశారు, తర్వాత పట్టాల మీద తొట్లు వచ్చాయి, మందు పెట్టి పేల్చడం వచ్చింది. లోతుకు పోయినకొద్దీ ఊట పెరిగింది. కాక పంపు మూడు షిఫ్టులూ ఆ నీళ్లు తోడి వాగులో పోసేది. ఒక్క పూట ఆగితే కింది దారులు మునిగేవి. చివరికి బొగ్గు అయిపోయిందన్నారు. పంపు ఆపి, బాయి మూతికి గోడ కట్టారు.

"ఇంక బొగ్గున్నది బిడ్డా. మల్ల తెరుస్తరు. నన్ను పిలుస్తరు," అనేవాడు కాక. ఆ ఆశ మీదే ఇక్కడ నెట్టుకొస్తున్నాడు.

సముద్రం దగ్గర కావడంతో తోట నీళ్లు ఏటేటా ఉప్పెక్కుతున్నాయి. కాక రోజూ ముందు పంపులో నీళ్లు పోసి, ఆన్ చేసి, తొలి ధార దోసిట పట్టి నాలుక మీద వేసుకునేవాడు. ఉప్పు ఎక్కువైతే ఆపేసి బావిని ఊరనిచ్చేవాడు. అయినా చెట్లు ఎండుతూనే ఉన్నాయి. తోట పోతే అర్బాబ్, అదే తోట యజమాని, కాకను పనిలోంచి తీసేస్తాడు. అందుకే నేను సెలవు మీద ఊరికి పోతుంటే ఒక్కటే మాట చెప్పాడు.

"బాయి కాడికి పోయి జూసి రా. తెరిచిర్రా, లేదా. గంతే."

పోయి చూశాను. తెరవలేదు, ఇక తెరవరు కూడా. లోపలంతా నిండి నీళ్లు మూతిదాకా వచ్చాయి. ఊరివాళ్లు గోడకు కంత పెట్టి గొట్టం దించారు. కాలువ పారుతోంది, నారుమళ్లు పచ్చగా ఉన్నాయి. మోటరు దగ్గర కొంగు నడుముకు చుట్టి కాక భార్య నిలబడి ఉంది.

"నేనే చెప్పలె బిడ్డా. బాయి ఇగ లేదంటే మీ కాక పానం ఆగదు," అంది చిన్నమ్మ.

తిరిగొస్తుంటే నాకూ అదే భయం. నోటితో చెప్పలేక సీసా నిండా ఆ నీళ్లు తెచ్చి కాక చేతిలో పెట్టాను.

"బాయి నీళ్లు, కాకా."

అలవాటు కొద్దీ నాలుక మీద వేసుకున్నాడు.

"ఉప్పు లేదు," అన్నాడు. సీసా వెలుతురుకు పట్టి చూసి, "అంటే బాయి నిండింది. ఇగ తెరువరు."

"తెరువరు కాకా. పొలాలకు పెడుతున్నరు."

కాక ఏడ్చాడు. నాకూ ఆగలేదు.

"బతుకంత తోడి వాగుల పారవోస్తి గదరా," అన్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, "మోటరు ఎవలు నడుపుతున్నరు?"

"చిన్నమ్మ."

కాక తల పట్టుకున్నాడు. "ఓరి నీ! ముందు నీళ్లు పొయ్యాలని దానికేం ఎరుక? ఉత్తగ తిప్పి మోటరు కాలవెడ్తది!"

ఆ కోపం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. సీసాలో సగం ఇద్దరం తాగాం. సాయంత్రం తోట పంపు ఆన్ చేసే ముందు మిగిలిన సగం అందులో పోశాడు. పంపు నీళ్లు అందుకుంది. ఈసారి రుచి చూడలేదు.

"అర్బాబ్ తోటి ఊరికి పోయే నా టికెట్ ముచ్చట మాట్లాడు బిడ్డా," అన్నాడు. "నీకైతే అరబ్బీ వస్తది."