నిమ్మచెక్కతో కడిగిన చేతులు

పన్నెండేళ్లుగా నాలో ఒక బరువు ఉంది. దాన్ని కొలవడానికి చాలాసార్లు ప్రయత్నించాను. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. దేన్నైనా భాగాలుగా విడదీస్తే అర్థమవుతుందని మాకు నేర్పారు. విడదీస్తే రెండు భాగాలు వచ్చాయి. ఒకటి చేత్తో చేసిన తప్పు. రెండోది నోటితో చేసినది. మొదటిదానికి నాలుగైదు సెకన్లు పట్టింది, రెండోదానికి అంతకన్నా తక్కువ. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నాకు పదిహేడేళ్లు. భవానీపురంలో మాస్టారింట్లో వయొలిన్ నేర్చుకునేవాణ్ణి. నాతోపాటు ఒక అమ్మాయి నేర్చుకునేది. పేరు మార్చి నాగమణి అంటాను. నాకంటే ఏడాది చిన్న. వాళ్లది చేపల వ్యాపారం. పొద్దున్నే కొల్లేటి నుంచి వచ్చే సరుకును వాళ్ల నాన్నతో కలిసి వేరుచేసి, తర్వాత క్లాసుకు వచ్చేది. వచ్చాక మాస్టారింటి కుళాయి దగ్గర మళ్లీ చేతులు కడుక్కునేది. అందుకోసం ఒక నిమ్మచెక్క కాగితంలో చుట్టి తెచ్చుకునేది.

నాగమణి నాకంటే బాగా వాయించేది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది.

ఆ ఏడాది మాస్టారు తన కచేరీల్లో పక్కన కూర్చుని వాయించేందుకు ఒక శిష్యుణ్ణి ఎంచుకుంటానన్నారు. ఒక్కరినే. ఆదివారం ఉదయం ఒక్కొక్కరం ఆయన ఎదుట వాయించాలి. వయొలిన్లు శ్రుతి చేసుకుని అరుగు మీద వరసగా పెట్టుకున్నాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎడమచేతి వేళ్లు తీగల మీద సాఫీగా జారడానికి మేము వేలికొసలకు కొంచెం కొబ్బరినూనె రాసుకుంటాం. కానీ తీగల మీద నడిపే కమానుకు కట్టిన గుర్రపు వెంట్రుకలకు మాత్రం నూనె తగలకూడదు. అవి తీగను పట్టుకోవాలి. నూనె తగిలిన చోట కమాను పట్టు తప్పి జారిపోతుంది, పట్టు కోసం వాడే రోజిన్ బంకబిళ్లను పైన ఎంత రుద్దినా లాభముండదు. వయొలిన్ నేర్చుకునేవాళ్లకు మొదటి రోజే చెప్పే మాట ఇది.

నా వేళ్లకు నూనె ఉంది. ఆమె కమాను నా పక్కనే ఉంది.

చాలాకాలం దాన్ని చెయ్యి తగలడం అని నాకు నేను చెప్పుకున్నాను. తగిలితే ఒక్కసారి తగులుతుంది. నేను ఆ వెంట్రుకల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు నూనె రాశాను. ఎందుకు చేశాను? అసూయ అంటే సరిపోతుందా? నాన్న లెక్చరర్, అమ్మ టీచర్, చిన్నప్పటి నుంచి అన్నింట్లో నేనే ముందు. ఓడిపోతే ఇంటికి ఎలా వెళ్లాలో నాకు తెలియదు. ఇది కారణం మాత్రమే. సమర్థన కాదు.

ఆమె వాయించడం మొదలుపెట్టింది. రెండో వరసకే కమాను జారింది. స్వరం రావాల్సిన చోట గీసినట్టు చప్పుడు. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ జారింది. మాస్టారు కమాను తీసుకుని వెంట్రుకల మీద వేలు నడిపారు.

"జిడ్డు! పొద్దున్నే చేపలు ముట్టుకుని, ఆ చేతులతోనే దీన్ని ముట్టుకుంటావా? ఎన్నిసార్లు చెప్పాలమ్మాయ్?"

"కడుక్కున్నానండీ. నిమ్మచెక్కతో రుద్ది మరీ కడుక్కున్నానండీ."

వెనక నుంచి ఎవడో, "ఇవాళ కచేరీతో పాటు పులుసు కూడా పెడతారంట్రా," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననే గుర్తు.

నాగమణి నా వైపు తిరిగింది. "అన్నయ్యా, నువ్వు అరుగు మీదే ఉన్నావుగా. నేను చేతులు కడుక్కోవడం చూశావుగా. చెప్పవా?"

"నేను చూళ్లేదండీ," అన్నాను. ఆమెతో కాదు. మాస్టారితో.

చూశాను. ఆ ఇంట్లో నాకంటే బాగా చూసినవాళ్లు లేరు. ఆమె ఎక్కడ వెనక్కి తిరుగుతుందోనని, కుళాయి కింద ఉన్న ఆ చేతుల మీదే కళ్లు పెట్టి మరీ నూనె రాశాను.

మాస్టారు ఆ కమానును ఒక్కసారి వాసన చూసి ఉంటే కొబ్బరినూనె అని తెలిసిపోయేది. చూడలేదు. అవసరం అనిపించలేదు. ఆ సంగతి నాకు ముందే తెలుసా? నా నేరాన్ని మోయడానికి వాళ్ల వృత్తి సిద్ధంగా ఉందని లెక్క వేసుకునే చేశానా?

తర్వాతి వారం నుంచి ఆమె రాలేదు. మాస్టారి పక్కన నేను కూర్చున్నాను. ఏడేళ్లు వాయించాను. ఒకసారి మైలవరంలో కచేరీ మధ్యలో నా కమాను జారింది. చెమట. ఒక కీర్తన మొత్తం పాడుచేశాను. దిగాక మాస్టారు నా భుజం తట్టి, "ఏం ఉక్కపోతరా బాబూ! ఎవడు మాత్రం ఏం చేస్తాడు," అన్నారు. నాకు జారితే ఉక్కపోత. ఆమెకు జారితే ఆమె చేతులు. ఆ తర్వాత వేదిక మీద కమాను ఎత్తినప్పుడల్లా ఆమె చేతులే గుర్తొచ్చేవి. ఏడాది తిరక్కుండానే కచేరీలు మానేశాను. పిల్లలకు నేర్పడం ఇష్టమని అందరికీ చెప్పాను. పటమటలో ఒక గది తీసుకున్నాను. ఇప్పుడు పదకొండుమంది పిల్లలు. ప్రతి క్లాసుకూ ముందు పదకొండు కమాన్లూ నేనే వెలుతురుకు పెట్టి చూస్తాను. సారుకు చాదస్తం అనుకుంటారు.

మూణ్ణెల్ల క్రితం నాగమణి వచ్చింది. వాళ్లక్క కూతుర్ని చేర్చడానికి. ఏడేళ్ల పిల్ల.

"బాగున్నావా అన్నయ్యా? నువ్వు నేర్పుతున్నావని తెలిసి తీసుకొచ్చా. చేతులు కడుక్కోవడం దీనికి ముందే నేర్పించాన్లే," అని నవ్వింది. తర్వాత కొంచెం మెల్లగా, "ఆ రోజు నేనే సరిగ్గా కడుక్కోలేదేమో," అంది.

ఎదురుగా ఉంది. గదిలో మేమిద్దరం, ఆ పిల్ల. అంతకంటే మంచి అవకాశం ఉండదు. నేను అడ్మిషన్ ఫారం అందించాను.

అబద్ధం నాదే. కానీ ఇన్నేళ్లలో ఆమె దాన్ని నమ్మేసింది. ఇది నాకు తెలియని మూడో భాగం.

ఆ పిల్ల ప్రతి శనివారం గుమ్మంలో ఆగి, రెండు అరచేతులూ నా ముందు చాపుతుంది. ఎవరూ అడగరు. మిగతా పిల్లలెవరూ చాపరు. నేను చూసి "సరే, రా" అంటాను. అప్పుడుగానీ లోపలికి రాదు. దగ్గరికొస్తే నిమ్మకాయ వాసన.

ఇది రాస్తే క్షమాపణ చెప్పినట్టు కాదు. ఆమెకు ఎదురుగా చెప్పే ధైర్యం వస్తుందో రాదో కూడా తెలియదు. కానీ ఆమె నన్ను అడిగిన సాక్ష్యం ఒకటి బాకీ ఉండిపోయింది. కనీసం అది ఎక్కడో ఒకచోట నా రాతలో ఉండాలి.

ఆ ఆదివారం ఉదయం నాగమణి చేతులు కడుక్కుంది. నిమ్మచెక్కతో రుద్దింది, సబ్బు పెట్టింది, వేళ్ల సందుల్లో కూడా కడిగి, పైటకు తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టుకుంది. ఆ చేతులు శుభ్రంగా ఉన్నాయి.

నేను చూశాను.