ఇంటి మనిషి కూర్చున్న మగ్గం

మా మేనమామ గంగులప్ప నగరిలో మా నేతగాళ్ళ వీధికి పెద్దమనిషి. విస్తరి ముందు కూర్చున్నా న్యాయం గురించే మాట్లాడేవారు. అలాంటి మనిషితో కాపురం ఎంత కష్టమో మా అత్తనడగాలి.

డెబ్బై మూడులో నూలు కరువొచ్చింది. వీధిలో నలభై మగ్గాలుంటే మగ్గానికెక్కించే పడుగులు ఇరవైకి సరిపడా నూలు కూడా వచ్చేది కాదు. మా వీధిలోనే ఏకాంబరం కాస్త కలిగినవాడు. ఇంట్లో నాలుగు మగ్గాలు వేయించి, కూలివాళ్ళను కూర్చోబెట్టి, మగ్గానికొకటి చొప్పున నాలుగు వంతుల నూలు పట్టుకుపోయేవాడు. మామ వీధినంతా పిలిచి కట్టుబాటు పెట్టించారు. ఇంటి మనిషి కూర్చున్న మగ్గానికే పడుగు. కూలిమనిషి కూర్చుంటే లేదు, ఖాళీగా ఉంటే అసలే లేదు. అందరితో పాటు మా నాయన కూడా సంతోషంగా చెయ్యెత్తాడు.

మరుసటి ఏడే నాయనకు క్షయ అని తేలింది. ఆరు నెలలు ఆస్పత్రిలో ఉండాలన్నారు. మా వీధిలో ఆడవాళ్ళు నూలు కండెలు చుడతారు గానీ నేయడానికి మగ్గం గుంటలో దిగరు. నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఐదు. మా మగ్గం ఖాళీ అయింది.

మా అమ్మ గురవమ్మ నన్ను వెంటబెట్టుకుని మామ ఇంటికి వెళ్ళింది.

"ఆరు నెలలే అన్నా. కూలికి మనిషిని పెట్టి నేయిస్తా. మా పడుగు నిలపొద్దు."

"నీకిస్తే రేపు ఏకాంబరం వస్తాడు. సొంత సెల్లెలికో న్యాయం, నాకో న్యాయమా అంటాడు. ఏం సెప్పేది గురవా?"

"ఆయప్పది ఆశ, మాది ఆకలి. ఆ మాటే సెప్పు."

"కట్టుబాటులో అట్లా అనుకోలేదే. నా పడుగు తీసుకోపో. నేను పస్తుంటా."

"నీ వంతు నాకెందుకు? నా వంతు నాకీ."

మామ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అయినా ఇవ్వలేదు. ఆ కన్నీళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

మగ్గం అమ్మేసి బంగారుపాళ్యం చేరాం. అమ్మ మామిడి తోటల్లో కూలికి వెళ్ళింది. నాయన నయమై వచ్చాడు గానీ కూర్చోవడానికి మగ్గం లేదు. తోటకు కాపలా ఉన్నాడు.

నగరిలో మాత్రం మామ పేరు మారుమోగింది. సొంత చెల్లెలినే లెక్కచేయలేదు, పెద్దమనిషంటే ఆయనే అని. పెద్దరికం వదిలేస్తానని రెండుసార్లు అన్నారట, వీధి ఒప్పుకోలేదు. అదే వీధిలో చౌడేశ్వరమ్మ మొగుడు మంచాన పడినప్పుడు, జబ్బు చేసినవాళ్ళకైనా కట్టుబాటు సడలిద్దామని ప్రాధేయపడ్డారట. "నీ సెల్లెలికి లేనిది ఆమెకెందుకప్పా?" అన్నారట అందరూ. ఆ ఇంటి పడుగు కూడా ఆయన నోటితోనే ఆపించారు.

ఎనభై రెండులో ఒక మధ్యాహ్నం మామ మా ఇంటికొచ్చారు. మనిషి సగమయ్యారు. అమ్మ అన్నం వడ్డించింది. ఆయన చెయ్యి పెట్టలేదు.

"నేను సేసింది తప్పంటావా గురవా?"

"తప్పు కాదన్నా. తప్పయ్యింటే ఆ పొద్దే నిన్ను నాలుగు తిట్టి, మర్నాటికి కలిసిపోయింటాను. నువ్వు సేసింది న్యాయం. నిన్నెట్లా మన్నించేది?"

మామ తల దించుకుని అన్నం కలుపుకున్నారు. అమ్మ ఇంకొంచెం పులుసు పోసింది.