మా అత్తా, నేనూ, న్యూట్రల్ గేరూ

పోయిన నెల కొత్త కారు కొన్నాను. షోరూములో అమ్మే ఆయన స్టీరింగు పక్కనున్న ఒక బొత్తాన్ని చూపించి, ఎంత నిట్టనిలువు కొండ దిగుతున్నా ఇది నొక్కితే చాలు, తమరు కాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చు, బండి తనంతట తానే అడుగులో అడుగు వేసుకుంటూ దిగిపోతుందని పావుగంటసేపు ఉపన్యసించాడు. ఎక్కడ? పుదుచ్చేరిలో. మన ఊరు ఎంత చదునుగా ఉంటుందో మీకు నేను చెప్పాలా. మా సారం పేటలో ఒక గోళీ కింద పెడితే అది ఎటు దొర్లాలో తెలియక పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ దారి అడుగుతుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చెవులు మూసుకుపోయే జనం మనం. అలాంటి ఊళ్ళో కొండ దిగే బొత్తామొకటి కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాను సరే, అది చూసినప్పటినుంచి మాత్రం నాకు కుదురు లేదు. భోజనానికి కూర్చున్నా కుడికాలు బల్ల కింద బ్రేకు కోసం వెతుక్కుంటోంది. ఎందుకంటే నా జీవితంలో నేను దిగిన కొండ ఒక్కటే ఉంది, అది దిగిన రోజున ఆ బొత్తాం లేదు, దాని బదులు మా అత్త ఉంది.

రెండు వేల దశకం మధ్యలో సంగతి. మనందరి మెడలూ అప్పటికి ఇంకా సెల్‌ఫోన్లలోకి వంగిపోలేదు, రెండువైపులా తిరిగేవి. నేను సారంలో వ్యవసాయ యంత్రాలు అమ్మే ఒక దుకాణంలో పనిచేసేవాణ్ణి. కూర్చోవడం నాకు చేతకాని విద్య. నన్ను ఒక కుర్చీలో కూర్చోబెడితే సాయంత్రానికి ఆ కుర్చీకి ఒళ్ళు నొప్పులు వచ్చేవి. మోటార్లు, మందు కొట్టే పంపుల నడుమ ఒకరోజు మా దుకాణానికి ఒక వింత వాహనం వచ్చింది. జీపుకి చిన్నప్పుడు తిండి సరిగా పెట్టకపోతే ఎలా ఉంటుందో అలా ఉండేది. పక్కపక్కన ఇద్దరు కూర్చునే రెండు సీట్లు, తలమీద పంజరంలాగా ఇనుప గొట్టాలు, వెనక నాలుగు మూటలు పట్టే తొట్టి, ఏనుగు పాదాల్లాంటి టైర్లు. ఏదో పెద్ద విడిదిలో తోటపని చేసి, అక్కడినుంచి విరమణ పొంది వచ్చిందట. పక్క పేట నెల్లితోపునుంచి కూడా జనం టౌను బస్సెక్కి వచ్చి చూసేవాళ్ళు, ఎక్కి కూర్చునేవాళ్ళు, బాగుందని మెచ్చుకుని మోటారుకి బెల్టు కొనుక్కుని పోయేవాళ్ళు. చదునైన ఊళ్ళో దానితో ఎవరికేం పని?

పని పడింది మా మేనత్తకి. ఆవిడకు ఏర్కాడు కొండల్లో చిన్న మిరియాల తోట ఉండేది. మామయ్య తొందరగా పోతే ఆ తోటను ఒంటిచేత్తో నడిపింది. తారు రోడ్డు ఆగిపోయిన చోటునుంచి ఆవిడ ఇంటికి కొండమీదికి రెండు కిలోమీటర్ల కాలిబాట. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను దాన్ని గోడ అనుకున్నాను. ఆ ముందటి వానాకాలం ఆ బాటలోనే అత్త జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నలుగురు మనుషులు నులకమంచం మీద మోసి దించారు. ఆపరేషన్ అయ్యాక ఆవిడ కొడుకు, అంటే మా బావ, మన ఊళ్ళోనే మూలకుళంలో ఉన్న తన ఇంటికి తెచ్చి పెట్టుకున్నాడు. బావ ఆఫీసు ఉద్యోగి, జాగ్రత్తకు ప్యాంటూ చొక్కా తొడిగితే అచ్చం ఆయనలాగే ఉంటుంది. తల్లి జారుతుందేమోనని స్నానాలగదిలో గోనెలు, హాల్లో గోనెలు, చివరికి మంచం కింద కూడా గోనె పరిపించాడు.

ఎనిమిది నెలలు అత్త ఆ గోనెలమీద చేతికర్రతో ఈ గోడనుంచి ఆ గోడకు నడిచింది. ఆ నడకంతా సాగదీస్తే ఏర్కాడు వెళ్ళి, తోట చూసుకుని, మూడుసార్లు తిరిగి రావచ్చు. వేళకు టీవీ పెట్టేవాళ్ళు, ఆవిడ దానికి వీపు తిప్పి కిటికీలోనుంచి పడమటివైపు చూసేది.

"ఏంది అత్తా, కొంచెంసేపు కూచోరాదా" అన్నానొకసారి.

"కూచుంటే మిరియాలు కోసేది ఎవురురా, మీ బావనా? వాడు కాయకీ ఆకుకీ తేడా అడగతాడు" అంది.

ఆవిడను నవ్విద్దామని దుకాణంలోని బండి కథ చెప్పాను. గోడకూ గోడకూ మధ్యలో కర్ర ఆగిపోయింది.

"కొండ ఎక్కతదా అది?"

"దానికోసమే చేసినారు అత్తా."

"దిగతదా?"

"ఎక్కింది దిగకుండా యాడికి పోతాది" అన్నాను. నా నోటినుంచి వచ్చిన మాటల్లో నేను ఆ తరవాత ఎక్కువసార్లు తిట్టుకున్నది ఆ మాటనే.

బావ ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన దాంట్లో న్యాయం లేకపోలేదు. "ఎక్కేదాన్ని గురించి కాదురా నా దిగులు. పైన ఆమెకి ఉన్నట్టుండి ఏమన్నా అయితే, గంటలో ఆస్పత్రికి దించాల. మళ్ళీ మంచమూ నలుగురు మనుషులూనా?" అన్నాడు. తల్లీ కొడుకుల మధ్య మూడు రోజులు మాటలు లేవు. నాలుగో రోజు ఒక ఒప్పందం కుదిరింది. అత్త ఎంత బరువుందో అంత బరువు బియ్యం మూట పక్క సీట్లో పెట్టుకుని బావ కళ్ళముందు నేను ఆ బాట ఎక్కి దిగాలి. మూట కదలకుండా వస్తే అత్త పోయి తోటలో ఉండొచ్చు. ఏదన్నా తేడా వస్తే తోటను పక్కవాళ్ళకు గుత్తకు ఇచ్చేయాలి, ఆ ఇంట్లో ఇక కొండ అనే మాట ఎవరూ ఎత్తకూడదు.

"సరి" అంది అత్త. అంత చిన్న మాటలో ఒక తోట మొత్తం పెట్టి నా చేతికి ఇచ్చింది. అక్కడినుంచి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి, పడుకుని కూడా నడుస్తూనే ఉన్నాను.

కొండమీద చూసైనా ఎవరైనా కొంటారేమోనని మా యజమాని బండి ఇచ్చాడు. సాధన చెయ్యడానికి ఊరంతా గాలించినా ఎత్తు దొరకలేదు. లారీలోకి సరుకు ఎక్కించే రెండు పలకలు ఏటవాలుగా పెట్టి, ఆ మూడడుగుల శిఖరాన్ని వారంపాటు రోజుకు నలభైసార్లు ఎక్కి దిగాను. సారం వీధి మొత్తం చప్పట్లు కొట్టింది.

తారు రోడ్డు చివర ఒక టీ దుకాణం. అక్కడ జీపు నడిపే అన్న ఒకాయన ఉండేవాడు, ఆ కొండల్లో ముప్ఫయ్యేళ్ళుగా కాఫీ మూటలు మోసినవాడు. నా పలకల ప్రతాపం విని ఆయన నవ్వలేదు, అదే నాకు భయమేసింది. అరవంలో నిదానంగా పాఠం చెప్పాడు. ముందు బెల్టు, మూటకైనా బెల్టు. చేతులూ కాళ్ళూ గొట్టాల లోపలే ఉండాలి, ఎందుకంటే బండి ఒరిగితే మనిషికి కాలు చాచి ఆపుదామనిపిస్తుంది, అది కాలని బండికి తెలియదు. ఏటవాలుకు అడ్డంగా తిప్పకూడదు, నిలువునా ఎక్కాలి, నిలువునా దిగాలి. ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఆగిపోతే వెనక్కి తిప్పుకుందామని చూడొద్దు, బ్రేకుమీద అలాగే వెనక్కి దించు. బండి చెయ్యి దాటితే లోయవైపు కాదు, కొండ గట్టువైపు తిప్పు. అన్నిటికన్నా ముఖ్యం, దిగేముందు పైనే ఆగి లో గేరు వెయ్యి, కిందికి చేరేదాకా ఆ లివరు ముట్టుకోకు. బండిని పట్టుకునేది ఇంజను, బ్రేకు దానికి తోడు మాత్రమే. అన్నిటికీ తల ఊపాను. బడిలో ఎన్నడైనా అంత తల ఊపి ఉంటే ఈపాటికి కలెక్టరుగా రిటైరయ్యేవాణ్ణి.

టీ దుకాణం ముందు అత్త కుర్చీలో కూర్చుంది, పక్కన బావ నిలబడ్డాడు. మూట పక్కన పెట్టుకుని ఎక్కాను. ముందు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు, అరగంటలో నేను స్వర్గానికి చేరానో అత్త ఇంటికి చేరానో తేల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. వాకిట్లో బండి తిప్పి, ఆగి, లో గేరు వేసి బయలుదేరాను. ఇంజను గొణుక్కుంటూ ముసలి ఎద్దులాగా దిగింది. ఆఖరి మలుపు తిరిగేసరికి కింద టీ దుకాణం, ఆగి ఉన్న వాహనాలు, నావైపే చూస్తున్న జనం కనబడ్డారు.

ఇక్కడ మీకు ఒక సంగతి గుర్తుచేయాలి. మన ఊళ్ళో రైల్వే గేటు పడి ఉండడం వంద గజాల ముందు కనబడితే మనమేం చేసేవాళ్ళం? న్యూట్రల్ వేసి, తాళం తిప్పి ఇంజను ఆపి, పెట్రోలు మిగిల్చామన్న తృప్తితో చప్పుడు లేకుండా జారుకుంటూ వెళ్ళి, ముందు బండికి వెంట్రుకవాసిలో ఆగేవాళ్ళం. తండ్రి కొడుక్కి నేర్పిన విద్య అది. సిగ్నల్ దగ్గరా అంతే. ఆగి ఉన్న వాహనాలు కళ్ళబడితే చాలు, బుర్ర చెప్పక ముందే చెయ్యి ఆ పని చేసేసేది.

చేసేసింది. లివరు న్యూట్రల్‌కి పోయింది, తాళం తిరిగింది. ఒక్క క్షణం కొండంతా నిశ్శబ్దం, ఎక్కడో పిట్ట కూసింది, నా పొదుపుకి నాకే ముచ్చటేసింది. మరుక్షణం ఆ ఏనుగు పాదాలు చిరుత పాదాలయ్యాయి. బ్రేకు తొక్కితే కాలిన వాసన వచ్చిందిగానీ బండి ఆగలేదు. అన్న చెప్పిన వాటిలో ఏ ఒక్కటో చెవిలో మిగిలి ఉండబట్టి గట్టువైపు తిప్పాను. బండి మూతి మెత్తటి మట్టిలోకి, నా మూతి స్టీరింగులోకి వెళ్ళి ఆగాయి.

బావ పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను తడిమి, పళ్ళు లెక్కపెట్టి, తరవాత తల్లివైపు తిరిగాడు. "చూసినావు గదమ్మా. బండిని లారీ ఎక్కించమని చెప్తా."

అత్త కర్ర పొడుచుకుంటూ మెల్లగా వచ్చింది. నన్ను చూడలేదు. బెల్టు కింద బుద్ధిగా కూర్చున్న మూటను కర్రతో పొడిచింది. "ఇది కదల్లేదు గదరా" అంది. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. అడుగుతున్నట్టుంది. ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు ఆవిడ.

"అదృష్టం అమ్మా అది. అట్లా కాదు ఒప్పందం."

 నేను మట్టిలోకి చూస్తూ నిలబడ్డాను. అప్పుడు జీపు అన్న మా బండి చక్రం దగ్గర వంగి వాసన చూశాడు. లేచి, పోయి, రోడ్డు పక్కన నిలిపిన బావ కారు చక్రం దగ్గర వంగాడు. చేతులు తుడుచుకుంటూ ఎంతో మర్యాదగా అన్నాడు: "సార్, పొద్దున మీ బండి వచ్చినప్పుడు కూడా ఇదే వాసన. ఆ ముందరి దిగుడులో మీరూ న్యూట్రల్ వేసినారు కదా. పాండి నుంచి వచ్చేవాళ్ళందరూ అంతే సార్."

 ఆ దిగుడులో తన కారు ముందు సీట్లో కూర్చుని వచ్చింది ఎవరో బావకు తెలుసు. మంచం కింద కూడా గోనె పరిచిన మనిషి టీ దుకాణం బల్లమీద కూలబడి, తన చేతుల్ని తానే ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఎప్పుడూ దేనికైనా నవ్వే నాకే రాలేదు.

అత్త ఆయన పక్కన కూర్చుంది. "పోనీలేరా" అంది. "తెలిసింది గదా. ఇంకొక్కసారి పోనీ. ఈతూరి మూట వద్దు, నేనే పోతా."

బావ ఆవిడ ముఖం చూశాడు. "నేను పక్కన నడస్తా" అన్నాడు.

నలుగురం పట్టి బండిని మట్టిలోనుంచి లాగాం. బ్రేకు చల్లారి, అన్న దాన్ని పరీక్షించి సరే అన్నాక, అత్తకు బెల్టు బావే కట్టాడు, మూడుసార్లు లాగి చూశాడు. ఎక్కాం. వాకిట్లో ఆగితే అత్త మిరియాల తీగెలవైపు ఊరికే చూసింది. దిగుతావా అని అడిగితే, దిగితే మళ్ళీ ఎక్కను, ముందు పరీక్ష కానీ అంది. నేను లో గేరు వేయగానే ఆవిడ తన అరచెయ్యి ఆ లివరు మీద పెట్టింది.

"నువ్వు దీన్ని కదిలించాలంటే నా చెయ్యి విరవాల. పో ఇంక."

బావ గొట్టం పట్టుకుని పక్కన నడిచాడు. మేము ఎంత మెల్లగా దిగామంటే, ఆయన మధ్యమధ్య ఆగి మాకోసం ఎదురుచూశాడు. ఒకచోట అలా నాలుగడుగులు ముందున్నప్పుడు అత్త దారిమీదనుంచి కళ్ళు తిప్పకుండా అంది: "మూలకుళంలో నాకు కష్టమేమీ లేదురా. వేళకి అన్నం, ఫ్యాను, కోడలు మంచిది. ఇంకో ఆర్నెల్లుంటే అలవాటైపోతాది. దానికే నాకు భయం. ఈ కొండకి కాదు."

 లివరు మీదనుంచి ఆవిడ చెయ్యి తీయలేదు. ఆఖరి మలుపు వచ్చింది, ఆగి ఉన్న వాహనాలు కనబడ్డాయి, నా చెయ్యి కదిలి ఆవిడ చేతిమీద పడి, అక్కడే ఆగింది. అలాగే కిందికి చేరాం.

బావ కారులోనుంచి ఆవిడ గుడ్డల సంచీ తెచ్చి వెనక తొట్టిలో పెట్టాడు. తరవాత ఆ బండి కూడా ఆయనే కొన్నాడు. అన్న దాన్ని నడిపేవాడు, నెలకోసారి నేను పోయి నడిపేవాణ్ణి. అత్త పోయేదాకా, తొమ్మిదేళ్ళు, ఆ తోటలోనే ఉంది. ఒక్కసారి జ్వరంతో, ఒక్కసారి పంటినొప్పితో దించాం. రెండుసార్లూ లివరు మీద ఆవిడ చెయ్యి ఉంది.

ఇప్పుడు ఆ ఇంటిదాకా సిమెంటు రోడ్డు వేశారు. పోయిన ఏడాది బావ తన కారులో తీసుకువెళ్ళాడు. అద్దాలు మూసి, చల్లగా, పది నిమిషాల ప్రయాణం. ఆయన మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు, మాట్లాడుకోవలసిన భయమేదీ ఆ దారిలో మిగల్లేదు. నేను నిద్రపోయాను కూడా. కళ్ళు తెరిచేసరికి వాకిట్లో ఉన్నాం. ఆ మలుపు ఎప్పుడొచ్చింది బావా అని అడిగితే, రోడ్డు వేసినప్పుడు గట్టు తవ్వి సాపు చేసేశారు గదా అన్నాడు. దిగేటప్పుడైనా ఆ చోటు పోల్చుకుందామని కిటికీకి ముఖం ఆనించి మేలుకునే కూర్చున్నాను. ఏ చోటో తేల్చుకోకముందే టీ దుకాణం వచ్చేసింది.