దాలినాయుడుగారూ, మిస్సింగ్ కొట్టిన ఎర్రకారూ

ఈ ఉదయం షెడ్డు తలుపు తీయబోతుంటే సగం కాలిన పెట్రోలు వాసన ముక్కుకు తగిలింది. ఎవరో కారును తలుపు ముందే నిలిపి, ఇంజను ఆపకుండా నా కోసం ఎదురుచూస్తున్నారు. తెల్లవారుజామున కురిసిన వానకు అరకు రోడ్లన్నీ ఇంకా తడిగానే ఉన్నాయి. సైలెన్సర్ చప్పుడు మధ్యమధ్యలో తడబడుతోంది. ఇంజనులో ఒక సిలిండరులో నిప్పు సరిగా అంటుకోకపోతే ఇదే వాసన, ఇదే చప్పుడు. మా పనివాళ్ళ భాషలో దాన్ని మిస్సింగ్ అంటాం. బానెట్ మీద చెయ్యి వెయ్యకముందే నా నోట్లోంచి ప్రశ్న వచ్చేసింది: "ఎప్పుడు కొడుతోందండీ? ఏ చోట కొడుతోంది?" ఆ ప్రశ్న నాది కాదు, దాలినాయుడుగారిది. పనిముట్లు పట్టే ముందు ఆ రెండు మాటలూ అడగడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆయనది విజయనగరం వైపు పల్లె, వ్యవసాయ కుటుంబం. వయసులో ఉండగా ట్రాక్టర్లు బాగుచేయడం నేర్చుకుని, సంతలకు తిరిగే జీపుల వెంట కొండెక్కి ఇక్కడే ఉండిపోయారు. పెదబయలు నుంచి వచ్చే జీపులు, జి.మాడుగుల నుంచి వచ్చే ఆటోలు, కాఫీ పళ్ళ తొక్క తీసే మిషన్లు అన్నీ ఆయన చేతిమీదుగానే నడిచేవి. సన్నటి మనిషి. ఎండాకాలంలో కూడా మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టరు తీసేవారు కాదు. పదకొండు గంటలకు చోడి అంబలి, అదే రాగి జావ, తాగేటప్పుడు మాత్రం షెడ్డులో ఏ ఇంజనూ మోగకూడదు. "సెవులు కడుక్కుంతన్నాను, ఉండండి" అనేవారు.

మాది ఆ షెడ్డుకు ఎదురుగా ఉన్న స్పేర్‌పార్టుల దుకాణం. నాన్నగారు మైదానం నుంచి వ్యాపారానికి ఇక్కడికి వచ్చారు. ఆయనకు వెన్నుపూస ఆపరేషన్ అయినప్పటి నుంచీ కొట్లో నేను కూర్చునేదాన్ని. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు, బీకాం చదివాను. డబ్బా మీద నంబరు చూసి సామాను ఇవ్వడం తప్ప, అది బండిలో ఏం చేస్తుందో తెలియదు. ఒకరోజు దాలినాయుడుగారు పొద్దున్న నేనిచ్చిన స్పార్క్ ప్లగ్గు పట్టుకుని రోడ్డు దాటి వచ్చారు.

"ఏటమ్మా, దీని మర పొడుగు. ఇది ఏసీసుంటే లోపల పిస్టన్ని కొట్టీసును" అన్నారు.

క్షమించమని చెప్పి, వేరే డబ్బా కోసం అర వైపు తిరిగాను.

"మార్చుదువుగానిలే. ఈ ప్లగ్గు ఎక్కడ కూకుంతాదో ఎప్పుడైనా సూసేవేటి?"

"లేదండీ."

"మరి సూడకుండా ఎలాగమ్మేత్తన్నావు? రా, సూపిత్తాను."

ఎగతాళి చేస్తున్నారేమో అనుకుని ఆయన ముఖం చూశాను. ఎగతాళి లేదు. ఆ రోజు ఒక జీపు ఇంజనులోకి టార్చిలైటు వేసి ఆయన చూపించినదేదీ నాకు పూర్తిగా అర్థం కాలేదు గాని, మర్నాడు మళ్ళీ వెళ్ళాను. బేరం లేని మధ్యాహ్నాలన్నీ షెడ్డులోనే గడిపాను. నాన్నగారికి ఇది నచ్చలేదు. "మనం సామాను అమ్మేవాళ్ళమే గాని బిగించేవాళ్ళం కాదే" అనేవారు. దాలినాయుడుగారు ఒకసారి కొట్టుకు వచ్చి, "సావుకారుగారూ, మీ గుంటకి సెవి మంచిదండి. ఇంజను మాట ఇనబడతాది. ఆపకండి" అని వెళ్ళిపోయారు. నాన్నగారు ఆ తర్వాత నన్ను ఏమీ అనలేదు.

ఏడాది తిరిగాక ఎర్రకారు వచ్చింది. రెండే తలుపులు, నేలకు అంటుకున్నట్టుండే టర్బో స్పోర్ట్స్ కారు. అప్పటికే దాదాపు ఇరవయ్యేళ్ళ పాతది. దాని యజమాని రఘురాంగారిది విశాఖలో ఉద్యోగం. కుర్రతనం నుంచి అలాంటి కారు నడపాలని కోరికట. యాభై దాటాక వేరేవాళ్ళు వాడి వదిలేసినది కొనుక్కున్నారు. కొన్న దగ్గర్నుంచీ మిస్సింగే. చూపించిన ప్రతిచోటా టర్బో, అంటే ఇంజనులోకి గాలిని గట్టిగా తోసే భాగం, మొత్తం మార్చాలన్నారట.

దాలినాయుడుగారు అలాంటి కారును అంతవరకూ ముట్టుకోలేదు. ఆ సంగతి దాచలేదు కూడా. "నాకిది కొత్త బాబూ. మీరు నిదానంగా సెప్పండి, నాను ఇంటాను" అని స్టూలు మీద కూర్చున్నారు. చదునుగా ఉన్న రోడ్డు మీద బాగానే పోతుందని, టైడా దాటి ఘాటు ఎక్కేటప్పుడు కాలు గట్టిగా నొక్కితే, టర్బో అందుకోగానే కుదుపులు మొదలవుతాయని రఘురాంగారు చెప్పారు. ఆ మాటలను దాలినాయుడుగారు తలుపు మీద సుద్దముక్కతో రాసుకుని, చాలాసేపు చూశారు.

"టర్బో పాడైతే గాలి తోయదు. తోత్తంది గాబట్టే కొడతన్నాది" అన్నారు చివరికి. నా వైపు తిరిగి, "నీకు ఇంగిలీసు వచ్చుగదా, ఈ బండి పుస్తకంలో ప్లగ్గు గురించి ఏటి రాసేడో సదువు" అన్నారు.

ఫోన్‌లో వెతికి చదివాను. ప్లగ్గు మొనల మధ్య ఎంత సందు ఉండాలో అందులో ఉంది. పాత ప్లగ్గులు విప్పి కొలిస్తే, అరిగి అరిగి ఆ సందు బాగా పెరిగిపోయి ఉంది. దాలినాయుడుగారి ముఖం వెలిగింది. "గాలిలో అగ్గిపుల్ల గీత్తే ఏటవుతాది? ఆరిపోతాది. ఇదీ అంతే. టర్బో గాలి కూరేత్తంటే ఇంత సందులో నిప్పు నిలబడతాదేటి?"

కొత్త ప్లగ్గులు మా కొట్టు ద్వారానే తెప్పించాం. సందు సరిచేసి బిగించే పని ఆయన నాకు అప్పజెప్పారు. షెడ్డులో నేను సొంతంగా చేసిన మొదటి పని అది. పలుచని కొలత రేకు మొనల మధ్య పెట్టి ఒక్కోదాన్నీ సరిచేశాను. మూడోది చేతిలోంచి జారి సిమెంటు నేల మీద పడింది. ఆ సమయానికి దాలినాయుడుగారు బయట రఘురాంగారితో మాట్లాడుతున్నారు. తీసి తిప్పి చూశాను. తెల్లటి పింగాణీ శుభ్రంగానే కనబడింది. అర మీద ఇంకొకటి లేదు, తెప్పించాలంటే రెండు రోజులు పడుతుంది. అంతకన్నా, నాకు అప్పజెప్పిన మొదటి పనిలో జారవిడిచానని చెప్పుకోలేకపోయాను. గుడ్డతో తుడిచి, మళ్ళీ సందు కొలిచి, మూడో సిలిండరులో బిగించేశాను. కారు ఘాటు మీద ఈల వేసినట్టు పరిగెత్తింది. రఘురాంగారు నాకు చేతులు జోడించి నమస్కారం పెట్టారు.

మూడు వారాల తర్వాత ఆ కారును వ్యాను వెనక తాడుతో కట్టి లాక్కొచ్చారు. రఘురాంగారితో ఆయన భార్య శారదగారు కూడా ఉన్నారు. టైడా పైన మలుపులో కారు గట్టిగా కుదిపి ఆగిపోయిందట. వెనకాల వస్తున్న లోడు లారీ బ్రేకు వేసి, జానెడు దూరంలో ఆగిందట. ఎవరికీ దెబ్బ తగల్లేదు.  "ఇవాళే అమ్మేయండి. నేను మాత్రం మళ్ళీ ఇందులో ఎక్కను" అన్నారు శారదగారు భర్తతో. 

దాలినాయుడుగారు ఇంజను స్టార్టు చేయించి, ప్లగ్గుల మీద ఉండి వాటికి కరెంటు అందించే కాయిల్స్ వైర్లను ఒక్కొక్కటే ఊడదీసి పెట్టారు. మొదటిది ఊడదీస్తే ఇంజను ఇంకా తడబడింది. రెండోదానికీ అంతే. మూడోది ఊడదీస్తే చప్పుడులో ఏ మార్పూ రాలేదు. మూడో సిలిండరు ముందే చచ్చిపడి ఉందన్నమాట. నేను జారవిడిచిన ప్లగ్గు ఉన్నది అందులోనే. ఆయన మూడో కాయిల్‌నూ మొదటి కాయిల్‌నూ ఒకదాని చోట ఒకటి మార్చి చూశారు. అయినా మూడో సిలిండరే పలకలేదు. అంటే లోపం కాయిల్‌లో కాదు. ఇంజను ఆర్పి, పానా తీసుకుని ప్లగ్గు విప్పారు. పింగాణీ మీద పెన్సిలు గీతంత సన్నటి నల్లని చార ఉంది. నిప్పు మొన దాకా పోకుండా ఆ చీలికలోంచి పక్కకు పారిపోతోంది.

"కంపెనీవాడి లోపమా?" అడిగారు రఘురాంగారు.

అవునంటే అక్కడితో అయిపోయేది. దాలినాయుడుగారు ప్లగ్గును వెలుతురులో తిప్పుతూ ఒక్కసారి నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, తొందర కూడా లేదు.

"నా చేతిలోంచి కింద పడిందండీ," అన్నాను. "చీలిక కనబడలేదు. చెప్పకుండా బిగించేశాను."

శారదగారు నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "ఆ రోజే చెప్పి ఉంటే?"

"కొత్తది వేసేవాళ్ళం."

"అంతేనా!" అన్నారావిడ. ఆ ఒక్క మాటకు నాకు ఏడుపొచ్చింది.

"తప్పు షెడ్డుదమ్మా. షెడ్డు నాది. నాను సూడాల్సింది, సూళ్ళేదు" అన్నారు దాలినాయుడుగారు. ఇంటికెళ్ళి అన్నం తినమని నన్ను పంపేశారు. ఇక షెడ్డుకు రావద్దని అర్థం కాబోలనుకున్నాను.

కొత్త ప్లగ్గులు వచ్చిన రోజు ఆయనే కొట్టుకు వచ్చి, "బేగి రా, పనుంది" అన్నారు. ఊళ్ళోనే గది తీసుకుని ఉన్న ఆ దంపతులు అప్పటికే షెడ్డులో నిలబడి ఉన్నారు. దాలినాయుడుగారు నాలుగు ప్లగ్గులూ కొలత రేకూ నా చేతిలో పెట్టారు.

"మళ్ళీ ఈ అమ్మాయి చేతనా?" శారదగారి గొంతు పెరిగింది.

"పడిందని సెప్పిన సెయ్యమ్మా ఇది. ఇంకోపాలి పడితే ముందే సెప్తాది. ఎప్పుడూ పడనేదని సెప్పేవోడిని నమ్మడం నాకు రాదు" అన్నారాయన.

 ఆవిడ కుర్చీ లాక్కుని నాకు ఎదురుగా కూర్చుని, నేను బిగించినంతసేపూ చూశారు. పని ముగిశాక, "ఈ అమ్మాయి కూడా వస్తే టైడా దాకా వెళ్ళొద్దాం" అన్నారు. వెనక సీటు పిల్లలకే చాలనంత ఇరుకు. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. వెళ్ళేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. లారీ ఆగిన మలుపు దగ్గర ఆవిడ భర్త భుజం తట్టి, "నొక్కండి, చూద్దాం" అన్నారు. కారు ఎక్కడా తడబడకుండా ఎక్కేసింది. వెనక కూర్చున్న నాకు ఆవిడ నవ్వు వినబడిందే గాని, ముఖం కనబడలేదు. ఆ కారును వాళ్ళు అమ్మలేదు.

ఆరేళ్ళ తర్వాత మోకాళ్ళు సహకరించక దాలినాయుడుగారు తన పల్లెకు వెళ్ళిపోతూ షెడ్డు నాకు అప్పగించారు. అప్పగించేటప్పుడు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "ఆయిలుతో తడిసిన గుడ్డలు లోపల పెట్టకు, అంటుకుంతాయి" అన్నారంతే. నిరుడు చలికాలంలో నిద్రలోనే పోయారు. చివరిసారి చూడబోయినప్పుడు కూడా, కొత్తగా వస్తున్న బండ్లు ఎలా పలుకుతున్నాయో నా చేత నోటితో చప్పుడు చేయించుకుని విన్నారు.

ఈ పనిలో నాకు పేరొచ్చింది. విశాఖ నుంచి కూడా పాత టర్బో బండ్లు వెతుక్కుంటూ వస్తున్నాయి. పొరపాట్లు కూడా జరుగుతాయి. పోయిన నెల ఒకాయన బండి అప్పగించి పంపాక, గాలి గొట్టం బిగింపు సరిగా తిప్పానో లేదో అనుమానం వచ్చింది. ఆయన అప్పటికే అనంతగిరి దిగుతున్నారు. ఫోన్ చేసి, పక్కన ఆపమని, నా తప్పు వల్లే అయి ఉండొచ్చని చెప్పాను. ఆయన నానా మాటలూ అన్నారు. జీపులో వెళ్ళి చూస్తే బిగింపు వదులుగానే ఉంది. అలాంటి ఫోన్ చేసే ముందు ఇప్పటికీ భయం వేస్తుంది. అయినా చేస్తాను.