పక్కింటి చల్లదనం, మా అరుగు వేడి

మొన్నటి ఎండాకాలం దాకా సాయంత్రమైతే చాలు, వీధిలోని చెవులన్నీ మా అరుగు మీదే ఉండేవి. సముద్రం పక్క ఊరు. పడవలు ఒడ్డుకు చేరాక మగవాళ్ళకు వేరే పనేముంది? నేను కోతలు కోస్తుంటే వాళ్ళు వినేవాళ్ళు. ఈ ఏడు పక్కింటి తమ్ముడు ఏసీ పెట్టించాడు. ఆ చెవులన్నీ అతడి గదిలోకి వెళ్ళిపోయాయి.

కడుపు ఒక్కటే మండిందంటే అబద్ధం, ఒళ్ళంతా మండింది. ఏసీ బయటి పెట్టెను మా అరుగు వైపే బిగించాడు మరి. అది అతడి గదిలోని వేడినంతా లాగి నా మొహాన ఊదుతుంది.

ఊరుకుంటానా? గూడూరుకు నిమ్మకాయలు తోలే మా బావమరిదిని పట్టుకున్నాను.

"అది టన్నున్నర ఏసీ అంట. టన్నున్నరంటే ఎన్ని బస్తాల్రా?"

"ముప్పై దాకా ఉంటాయి బావా."

"ముప్పై బస్తాలు ఆ గోడకు యాలాడతా ఉండాయి. కింద కూర్చునేటోళ్ళు ఏంగావాల?"

ఆ మాట వీధంతా పాకి, సాయంత్రానికి ఆ గది ఖాళీ. నా అరుగు కిటకిట. ఆ సంబరం మర్నాటి దాకానే. పక్కింటి తమ్ముడు నవ్వుకుంటూ వచ్చాడు.

"ఏందన్నా, ఏసీ బరువు టన్నున్నరంటివంట? అది బరువు కాదన్నా. రోజంతా టన్నున్నర ఐసు కరిగితే ఎంత చలవో, అంత చలవిస్తాది. బిగించినాయన చెప్పినాడు. పైగా ఫైవ్ స్టార్. తాగే కరెంటు తక్కువ, ఇచ్చే చలవ ఎక్కువ. నువ్వూ రా అన్నా."

ఐసులో చేపలు పెట్టి పంపే ఊళ్ళో ఆ లెక్క ఎవరికి ఎక్కదు? అందరూ లేచి అతడి వెంట నడిచారు. నేను బిగదీసుకుని కూర్చున్నాను.

"నువ్వీడ ఉడికితే ఆ గదేం వేడెక్కదు, పోయిరా," అంది మా ఆవిడ.

వెళ్ళాను. తలుపు తీయగానే ఒంటికి హాయి తగిలింది. ఆ హాయిని చూసి కూడా కుళ్ళుకున్నాను. లోపల అతడు కథ చెబుతున్నాడు. గాలానికి తగిలిన వంజరం చేప పడవను చెన్నపట్నం దాకా ఈడ్చుకుపోయిన కథ. అది నాది! నేను పుట్టించి, పెంచి పెద్దచేసిన చేప. నేను చెబితే గంట పడుతుంది, చెమటలు కారతాయి, గొంతు ఎండుతుంది, చివరికి ఇద్దరో ముగ్గురో నవ్వుతారు. అతడు నాలుగు మాటల్లో తేల్చేశాడు. చేప రెండు బారలుందని చెప్పడం కూడా మరిచాడు. అయినా గది గదంతా విరగబడి నవ్వింది.

మా బావమరిది కళ్ళు తుడుచుకుంటూ నాకు చోటిచ్చాడు.

"చూసినావా బావా, కథంటే అట్టా చెప్పాల!"