చెంపకి తెలిసే వేడి

రాజోలు చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపు వస్తోందంటే, వాకిళ్లలోకి వచ్చిన ఆడవాళ్లు పెళ్లికొడుకు సంగతి తర్వాత చూసుకునేవారు. ముందు "శాక్సు ఏసుపాదం గారు వచ్చేరా?" అని మేళంలోకి తొంగిచూసేవారు. అందుకు మొహం ముడుచుకున్న పెళ్లికొడుకులు కూడా ఉన్నారు. ముడుచుకుంటే ముడుచుకున్నారు, వాళ్లది ఒక్కరోజు వైభోగం. ఏసుపాదానిది ముప్పై ఏళ్ల పైమాట. ఆదివారం చర్చిలో కీర్తనలు, మూఢం లేని రోజుల్లో అప్పనపల్లి పెళ్లిళ్లు, ఎవరైనా పోతే వాళ్ల వెనకాల సమాధుల తోట దాకా నెమ్మదిగా నడక. ఆయన బతుకంతా ఊదుతూ నడవడంలోనే గడిచింది.

అయితే బ్యాండు వాళ్లలో ఆయన పేరు నిలబడటానికి ఇంకో కారణం ఉంది. శాక్సు, అదే శాక్సోఫోను, దాని కొసన నోట్లో పెట్టుకునే ముక్క ఒకటి ఉంటుంది. మౌత్‌పీసు అనాలిగానీ ఎవరూ అంత పొడుగ్గా అనరు, పీసు అంటారు. మంచి పీసుని నల్లటి గట్టి రబ్బరుతో చేస్తారు. వాయించేవాడి పైపళ్లు ఏళ్ల తరబడి దాని వీపు మీద ఆనుకోగా ఆనుకోగా అక్కడ రెండు గుంటలు పడతాయి. సొంతదారు నోటికి ఆ గుంటలు బాగానే ఉంటాయి. పీసు చేతులు మారిందా, కొత్తవాడి పళ్లు పాతవాడి గుంటల్లోకి జారిపోయి శ్రుతి తప్పుతుంది. అప్పుడు అమలాపురం వాళ్లయినా, పి.గన్నవరం వాళ్లయినా ఏసుపాదం ఇంటికి రావలసిందే. లక్క పోసి గుంటలు పూడ్చేవాళ్లు వేరే ఉన్నారు. ఆ పూడ్చింది కొన్నాళ్లకి ఊడి, సరిగ్గా తాళి కట్టే వేళకి నోట్లోకి వస్తుంది. ఏసుపాదం పూడ్చడు, లేపుతాడు.

ఆ రబ్బరుకి ఒక గుణం ఉంది. తగినంత వేడి తగిలితే నొక్కుకుపోయిన చోటు తనంతట తనే పైకి వస్తుంది, మొదట ఎలా పుట్టిందో అలాగే అవుతుంది. వేడి చాలకపోతే కదలదు. ఎక్కువైతే పీసు మొత్తం మెత్తబడి, రీడు, అంటే ఊదితే అదిరే పల్చటి రెల్లు బద్ద, ఆనే అంచు వంకరపోతుంది. అంచు వెంట్రుకంత వంగినా ఇక ఆ పీసు పిల్లలు ఆడుకోవడానికే. అందుకని ఆయన అంచుకి తడిగుడ్డ చుట్టి, మూకుట్లో వేయించిన రాళ్ల ఉప్పు మీద వీపు మాత్రం ఆనేలా పడుకోబెట్టి, కాసేపటికి తీసి కుడిచెంపకి ఆనించుకునేవాడు. చెంప సుఖంగా ఓర్చుకుంటే ఇంకా వేడి కావాలి. చెంప చాలన్న చోట ఆపాలి. చేత్తో చూసుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే ఆయన నవ్వేవాడు.

"వేళ్లకేం తెలుస్తుందండి, కాయలు కాసిపోతేను. చెంప అబద్ధం చెప్పదండి."

అలాంటి మనిషికి పోయిన వానాకాలంలో పక్షవాతం వచ్చింది. పొద్దున్నే పుక్కిలిస్తుంటే నీళ్లు నోట్లో నిలవకుండా కుడివైపు నుంచి కారిపోయాయి. ఇదేమిటబ్బా అని మళ్లీ పుక్కిలించబోయి కూలబడిపోయాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక కాలు త్వరగానే మాట వింది. చెయ్యి మెల్లమెల్లగా దారికొచ్చింది. మూతి మాత్రం రాలేదు. కుడిచెంప వేలాడిపోయింది. శాక్సు నోట్లో పెట్టుకుంటే ఊదిన గాలి ఊదినట్టే పెదవి మూల నుంచి బయటికి పోయేది. ఒకసారి భార్య సూరమ్మ ఎదుట ప్రయత్నించాడు. ఇంకోసారి తలుపేసుకుని ప్రయత్నించాడు. తర్వాత శాక్సుని పెట్టెలో పెట్టి మంచం కిందికి తోసేశాడు.

పలకరింపులకి వచ్చినవాళ్లు ఊరుకోరు కదా. ఒకాయన పావురం రక్తం రాయమన్నాడు. ఇంకొకావిడ తన తోటికోడలి మేనమామకి మూతి ఇంతకన్నా ఘోరంగా పోతే నెల తిరక్కుండా తిరిగొచ్చిందని చెప్పి, కాఫీ బాగుందని ఇంకో గ్లాసు పోయించుకుని వెళ్లింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ఎవరు వచ్చి వెళ్లినా అద్దంలో అదే మొహం. దేవుడి మీద కోపం రాలేదని చెబితే అబద్ధమే అవుతుంది. ఆ కాలే నువ్వు ఉంచేసుకుని మూతి వదిలేస్తే నీ సొమ్మేం పోయింది అని ఆయన మనసులో చాలాసార్లు పోట్లాడాడు.

ఉప్పు సంగతి తట్టింది సూరమ్మకే. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ మూకుడు చూస్తున్న మనిషి ఆవిడ.

"ఆ నల్లరబ్బరుకే గుంటలు లేస్తుంటే, మనిషి చెంప లేవదా అండి?" అంది.

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే అదే మూకుట్లో ఉప్పు వేయించి, గుడ్డలో మూట కట్టి, ముందు తన మోచేతి మీద పెట్టి చూసుకుని, ఆయన చెంపకి కాపడం పెట్టేది. పెడుతూ అడిగేది.

"వేడి తెలుస్తుందా అండి?"

మొదటిరోజు ఆయనకి ఏమీ తెలియలేదు. పక్కింటాయన చెంపకి కాపడం పెడుతుంటే తను చూస్తున్నట్టుంది. లేదు అందామనే నోరు తెరిచాడు. ఆవిడ కళ్లు చూశాక ఆ మాట రాలేదు.

"ఆయ్, తెలుస్తుంది" అన్నాడు.

ఆరోజు సూరమ్మ చేపల పులుసు పెట్టింది. పక్కింటికి గిన్నెతో పంపించింది కూడా. అంత సంబరపడినావిడకి రెండోరోజు లేదని ఏ మొహంతో చెబుతాడు? అలా రోజూ ఆవిడ అడగడం, ఆయన ఆయ్ అనడం. అనగా అనగా, నిజంగానే కొంచెం తెలుస్తోందేమోనని ఆయనకే అనిపించసాగింది. చెంపకి రంగు వచ్చిందని ఆవిడ అంటే అద్దంలో చూసుకుని అవుననుకునేవాడు.

ఈస్టరుకి ముందు మట్టలు పట్టుకుని ఊరేగే మట్టలాదివారం ఇంకో వారం ఉందనగా జాషువా వచ్చాడు. ఏసుపాదం దగ్గరే వాయింపు నేర్చుకుని, ఇప్పుడు మేళంలో ఆయన చోట నిలబడుతున్నవాడు. ఇద్దరు పిల్లల తండ్రి అయినా ఈ ఇంటి అరుగు ఎక్కితే ఇంకా చేతులు కట్టుకునే మాట్లాడతాడు. ఆరోజు నేలకేసి చూస్తూ చాలాసేపు నసిగాడు.

"బాబాయిగారండి, నా ప్లాస్టిక్ పీసు మరీ కీచుమంటుందండి. ఊరేగింపులో అందరూ మీ గొంతే తలుచుకుంటారండి. మీ పీసు ఒక్కసారి ఇప్పిస్తారేమోనని వచ్చేనండి."

ఇన్నాళ్లూ ఆ పీసు ఎవరూ అడక్కపోవడమే ఏసుపాదానికి మిగిలిన ధైర్యం. అడిగారంటే ఇక నువ్వు వాయించవని చెప్పినట్టే. వాడి మీద కోపం కూడా వచ్చింది. కానీ వాడు తప్పేం అడిగాడు? వాడి పైపళ్లు ఎడంగా ఉంటాయి, ఏసుపాదం గుంటల్లో ఇమడవు. ఇవ్వాలంటే ముందు గుంటలు లేపాలి. ఊళ్లో అందరి గుంటలూ లేపిన మనిషి తన పీసు జోలికి ఎన్నడూ వెళ్లలేదు. కరెంటు పోయిన పందిట్లోనైనా ఆయన పళ్లు వాటి చోట్లోకి అవే వెళ్లి కూర్చునేవి.

"ఇస్తాను. గుంటలు లేపి ఇస్తాను. శనివారం సాయంత్రం రా" అన్నాడు. మాటలో సగం పెదవి మూల నుంచి గాలిగా పోయింది. అయినా జాషువాకి అర్థమైంది.

వాయింపు ఎలాగూ పోయింది, పనైనా మిగలాలి. ఈ ఒక్క పీసు లేపి చూపిస్తే అమలాపురం వాళ్లు, పి.గన్నవరం వాళ్లు మళ్లీ గుమ్మం ఎక్కుతారు. తను మళ్లీ నలుగురికి కావలసినవాడవుతాడు. లేదంటే అరుగు మీద కూర్చోబెట్టి మూతి తుడవాల్సిన ముసలాడు, అంతే. ఆ వారమంతా ఆయన ఈ ఆశతోనే అన్నం తిన్నాడు.

శనివారం మధ్యాహ్నం సూరమ్మ మిగతా ఆడవాళ్లతో కలిసి ఊరేగింపుకి కొబ్బరిమట్టలు సిద్ధం చేయడానికి చర్చికి వెళ్లింది. ఏసుపాదం మంచం కింద నుంచి పెట్టె లాగాడు. పీసు తీసి, గుంటల్లో వేలు పెట్టి తడిమాడు. ఆఖరిసారి పళ్లు ఆనించి చూద్దామనుకుని, ఎందుకొచ్చిన బాధ అని మానేశాడు. అంచుకి తడిగుడ్డ చుట్టాడు. ఉప్పు చిటపటలాడేదాకా వేయించాడు.

పీసు ఉప్పు మీద పడుకోబెట్టి, తీసి, కుడిచెంపకి ఆనించాడు. ముప్పై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతట అదే ఆ చెంపకి వెళ్లింది. వేడి లేదు. మళ్లీ పెట్టి తీశాడు. ఇంకా లేదు. ఉప్పు చల్లారిందేమోనని మంట పెంచాడు. ఈసారి ఎక్కువసేపు ఉంచి, ఎక్కువసేపు ఆనించుకున్నాడు. ఏదో కాస్త తెలిసినట్టే ఉంది. ఆయ్, తెలుస్తుంది అనుకున్నాడు, రోజూ సూరమ్మకి చెప్పే మాటే.

గుంటలు లేచాయి. ముప్పై ఏళ్ల పళ్ల గుర్తులు ఆనవాలు లేకుండా పోయి, వీపు కొత్త పీసులా నున్నగా వచ్చింది. ఏసుపాదానికి నవ్వొచ్చింది. నెలల తర్వాత వచ్చిన నవ్వు, ఉన్న సగం మొహంతోనే నవ్వాడు. పీసుని చన్నీళ్లలో వేసి, తుడిచి, పని అయ్యాక ఎప్పుడూ చేసే పరీక్షకి అద్దం ముక్క తీసి, దాని మీద అంచు ఆనించి వెలుతురుకి ఎత్తి చూశాడు. అద్దానికీ అంచుకీ మధ్య సన్నటి వెలుగు కనిపించింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. వెలుగు అక్కడే ఉంది. పీసు మెలితిరిగిపోయింది. గుంటకి మందు ఉందిగానీ మెలితిరిగిన అంచుకి లేదని ఆయనే ఎంతోమందికి చెప్పి పంపించాడు.

చెంప చాలనలేదే. ఎక్కడ తప్పు జరిగిందో తెలియక, అద్దం ముక్క పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

సూరమ్మ మధ్యలో ఒకసారి మంచినీళ్లకని ఇంటికొచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆ చెంపకేమైందండి?"

ఆయన చెయ్యి పెట్టి చూసుకున్నాడు. బొబ్బ లేచి చిట్లింది. వేళ్లకి తడి తగిలింది, చెంపకి మాత్రం వేళ్లు తగిలినట్టు కూడా లేదు. సూరమ్మ మూకుడు చూసింది, ఆయన చేతిలో పీసు చూసింది.

"రోజూ వేడి తెలుస్తుందనే చెప్పేరు కదండి."

"నువ్వు అడిగేవు కదా. చెప్పేను."

"ఎన్నాళ్ల నించి తెలవట్లేదండి?"

"ఏనాడూ తెలవలేదు సూరమ్మా."

ఆవిడ తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి. కాలిన చోటికి మందు తెచ్చి రాసింది. రాస్తూ అలవాటుగా ఏదో అడగబోయి ఆపేసింది. వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

సాయంత్రం జాషువా వచ్చాడు. పీసు పాడైపోయిందని చెప్పాలనే ఏసుపాదం కూర్చున్నాడు. వాడు రెండు చేతులా అందుకుని, వీపు మీద వేలితో రాసి, "ఎంత నున్నగా లేపేరండి" అనేసరికి ఏసుపాదం తలూపేశాడు. జాషువా రీడు బిగించి ఊదాడు. సగం గాలి, సగం కీచు. ఇంకోసారి ఊదాడు. పీసు నోట్లోంచి తీసి, ఏసుపాదం చెంప మీద మందు చూశాడు, గోడవార మూకుడు చూశాడు.

"రీడు పచ్చిగా ఉందండి బాబాయిగారు. రేపటికి ఆరిపోద్దండి. పీసు మటుకు బెమ్మాండంగా ఉందండి" అన్నాడు.

జేబురుమాలులో పీసుని భద్రంగా చుట్టుకుని వెళ్లాడు. వాడు మంచివాడు. ఆ మంచితనమే ఏసుపాదాన్ని నిలువునా కోసింది. ఇంట్లో మనుషులు జబ్బు మనిషితో మాట్లాడే గొంతు అది, పనివాడితో మాట్లాడే గొంతు కాదు. ఇక ఈ గుమ్మానికి ఎవరూ పీసు తీసుకుని రారని ఆయనకి తెలిసిపోయింది.

మర్నాడు ఊరేగింపు ఆ వీధినే వచ్చింది. సూరమ్మ తెల్లచీర కట్టుకుంది. అందరితో నడవడానికి వెళ్లకుండా, గేటు దగ్గర కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టి, కొబ్బరిమట్ట పట్టుకుని పక్కనే నిలబడింది. పిల్లలు మట్టలు ఊపుకుంటూ ముందు వచ్చారు. మేళం ఇంకా వీధి మలుపు తిరగకముందే ఏసుపాదం చెవికి శాక్సు అందింది. సన్నటి, కీచుగొంతు ప్లాస్టిక్ పీసు. చెవులకి ఏ రోగమూ రాలేదు కదా. అవి కూడా పోయినా బాగుండేది.

జాషువా గేటు ముందుకి వచ్చేసరికి అటు తిరిగి, వాయిస్తూనే నడుం వంచి దణ్ణంలా వంగాడు. ఎడమచేతి వేళ్లు నోటి దగ్గరికి జరిపి పీసుని కప్పుకున్నాడు.

"మీ పీసేనా అండి?" అని సూరమ్మ అడిగింది.

"ఆయ్, నాదే" అన్నాడు ఏసుపాదం.

సూరమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆ ఆయ్ ఎలాంటిదో ఆవిడకి ఇప్పుడు తెలుసు. మళ్లీ అడగలేదు. మేళం వెళ్లిపోయేదాకా అలాగే నిలబడి, ఆయన కుడిచెంప పుండు మీద వాలిన ఈగలని చేతిలోని మట్టతో తోలుతూ ఉండిపోయింది. ఈగలు వాలాయని కూడా ఆయనకి తెలియదు.