మామ బోటు నడినీళ్ళలో ఆగిన రోజు

హోసూరులో మా వీధి చివరి ఖాళీ స్థలంలో గడ్డి కోసే మిషన్ తిరిగినప్పుడల్లా, ఆయిలు కలిపిన పెట్రోలు కాలిన వాసన కిటికీలోంచి వచ్చి చేతిలో పని ఆపేస్తుంది. ఫ్యాక్టరీ బస్సుల పొగకూ షేర్ ఆటోల పొగకూ అలవాటుపడిన ముక్కు కూడా దాన్ని వెంటనే వేరుచేసి పట్టుకుంటుంది. ఇలాంటి వాసనలకు కొందరికి చిన్ననాటి తీపి గుర్తొస్తుందట. నాకు మాత్రం మా మామ ముఖం గుర్తొచ్చి పళ్ళు బిగుసుకుంటాయి.

మా ఊరు కృష్ణగిరి డ్యాము నీళ్ళకు వెనక అంచున ఉండేది. సంతకు పోయే బస్సు అవతలి దరిన ఆగేది. రోడ్డు మీద చుట్టి పోతే ఒక పూట, నీళ్ళ మీద అడ్డంగా పోతే ఎసరు కాగేంత సేపు. ఎండాకాలంలో పాలు కారే మామిడికాయల గంపలు, వానలు తగ్గాక మట్టి వాసన పోని వేరుశనగ మూటలు, చలికాలంలో మంచు తడి అంటుకున్న అనపకాయల బస్తాలు, వాటి మీద కూర్చున్న మనుషులు, వాళ్ళ ఒళ్ళో కాళ్ళు కట్టిన కోళ్ళు, అన్నీ మామ బోటులోనే దాటేవి. మామ అంటే మా అమ్మకు అన్న, చెన్నప్ప. బోటు ఆయనది, నడిపేది మా నాయన మునెప్ప. ఇంజను పడవ వెనక తగిలించేది. దానికి పైన చిన్న పెట్రోలు ట్యాంకు, పక్కన చక్రం. చక్రానికి తాడు చుట్టి ఒక్క గుంజు గుంజితే దరి అంతా దద్దరిల్లేది. పని లేనప్పుడు ఆ తాడు నాయన భుజం మీద కండువాలా ఉండేది. ఊళ్ళో ఆయనకు ఉన్న గౌరవమంతా ఆ తాడే. దరి మీద గచ్చకాయలాడే పిల్లలమంతా ఇంజను చప్పుడు వినగానే కాయలు పారేసి, బోటు ముక్కు ఒడ్డును ఎప్పుడు తాకుతుందో పందెం కట్టేవాళ్ళం. బడిలో ఎవరూ నేర్పకముందే లెక్క నాకు వచ్చేసింది, పందెం నేనే గెలిచేదాన్ని.

ఆయుధపూజ మాకు దీపావళి కంటే పెద్ద పండగ. కొడవళ్ళు, నాగళ్ళు, తక్కెడ, కుట్టు మిషను అన్నీ కడిగి వరసగా పెట్టేవాళ్ళు. బొరుగులు, పుట్నాలు, బెల్లం కలిపి చాటల్లో పోసేవాళ్ళు. ఉడికిన శనగల గుగ్గిళ్ళ మీద కొబ్బరి తురుము, చెరుకు ముక్కలు, కుంకం నింపి పగలగొట్టిన బూడిదగుమ్మడికాయల వాసన. ఇంజనుకు పూజ మామే చేసేవాడు. ఇంకెవరి చెయ్యీ పడనిచ్చేవాడు కాదు.

"సొత్తు నాది, బొట్టు నేనే పెట్టాల," అనేవాడు.

ఆ ఏడు గంధం చిక్కగా అరగదీసి, ఇంజనుకు మూడు చోట్ల, ట్యాంకు మూత నడినెత్తిన ఇంకాస్త దట్టంగా అద్ది, మీద కుంకం పెట్టాడు. పూజ బొట్టు తుడవకూడదని మా వైపు పట్టింపు. తనంతట తాను రాలిపోవాలి గాని గుడ్డ తగలకూడదు. నాయన ఇంజను రోజూ తుడిచేవాడు, ఆ బొట్ల చుట్టూ మాత్రం గుడ్డ వంచుకుని పోయేవాడు.

పండగ మరుసటి రోజే బోటు నడినీళ్ళలో ఆగిపోయింది. నాయన ప్లగ్గు విప్పి, మసి గోకి, ఎండలో ఆరబెట్టి మళ్ళీ బిగించాడు. నిప్పురవ్వ వస్తోంది. పెట్రోలు ఉందా అని మూత తీసి చూశాడు. ఉంది. తాడు గుంజితే స్టార్టయింది. ఆ మరుసటి రోజూ అంతే. ఉద్దనపల్లి నుంచి పంపుసెట్ల మెకానిక్కును పిలిపిస్తే, అతను ఇంజనంతా విప్పి, కడిగి, బిగించి, ఏ తప్పూ లేదని చెప్పి పోయాడు. అతను బస్సెక్కకముందే బోటు మళ్ళీ ఆగింది. సంత రోజు దరి నిండా జనం ఉండగా మామ నాయన ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పెట్రోలు అమ్ముకొని కిరసనాయిలు కలిపినావు గదప్పా," అన్నాడు.

"లేదు బావా. ఇంట్లో దీపం ముందర నిలబడి చెప్తా."

"దీపం దేనికి? ఆ తాడు ఈడ పెట్టి పో."

నాయన భుజం మీది తాడు తీసి, మడతపెట్టి, బోటులో పెట్టి ఇంటికొచ్చేశాడు. ఆ రోజు నుంచి రాళ్ళ క్వారీలో కూలికి పోయాడు. సాయంత్రం వచ్చి కూర్చుంటే తల మీద, కనురెప్పల మీద తెల్లటి దుమ్ము. దీపావళికి అమ్మకు పుట్టింటి పిలుపు రాలేదు. అరిసెల పిండి దంచే రోకళ్ళ చప్పుడు మామ ఇంట్లోంచి వినిపిస్తుంటే అమ్మ తలుపు దగ్గరికి వేసి కూర్చుంది. మాతో ఆడే పిల్లలు నన్ను కిరసనాయిలు పాపా అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపుకు నేను ఏడవలేదు. ఎవరు పిలిచారో మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

బోటును ఇప్పుడు మామ కొడుకు నడుపుతున్నాడు, అదింకా ఆగుతూనే ఉంది. నేను దరి మీది బండ ఎక్కి కూర్చుని అది ఎక్కడెక్కడ ఆగుతుందో చూశాను. ట్యాంకు నిండా పోసిన రోజు నడినీళ్ళు దాటేది కాదు. సగమే పోసిన రోజు అవతలి దరి దగ్గరిదాకా పోయేది. నాకు ఇది తిక్క లెక్కలా తోచింది. పెట్రోలులో కల్తీ ఉంటే ఎంత పోసినా ఒకేలా ఆగాలి, ఎక్కువ పోస్తే ముందే ఎందుకు ఆగాలి? తప్పు పెట్రోలులో లేదు, పెట్రోలు లేని ఖాళీలో ఉంది.

ఆ మాట తలలో తిరుగుతుండగానే ఒక రోజు అమ్మ కొత్త కిరసనాయిలు డబ్బాకు ఒక బెజ్జం కొట్టి దీపంలోకి వంచింది. కాస్త కారి ఆగిపోయింది. రెండో పక్క ఇంకో బెజ్జం కొట్టగానే సన్నటి ధార సాగింది. గాలి లోపలికి పోకపోతే నూనె బయటికి రాదు. ట్యాంకు నిండుగా ఉంటే లోపలున్న గాలి తక్కువ, అందుకే తొందరగా ఆగుతోంది. మూత తీసి చూసినప్పుడల్లా గాలి పోతుంది కాబట్టి మళ్ళీ నడుస్తోంది. నేను పోయి నాయనను అడిగాను, మూతకు ఎక్కడైనా బెజ్జం ఉందా అని.

నాయన చూపుడు వేలితో గాలిలో మూత నడిమిని పొడిచి చూపించాడు. "నడినెత్తిన ఉండాది, సూది మొనంత. గంధం దాంట్లోనే ఎండిపోయింటాది. పోయి చెప్పొస్తా మీ మామకు."

"నువ్వు చెప్తే నువ్వే మూసినావంటాడు నాయనా."

లేవబోయిన మనిషి మళ్ళీ కూర్చున్నాడు.

మామ కొడుక్కు అవతలి దరి ఊళ్ళోనే పిల్లను ఖాయం చేశారు. తాంబూలాల రోజు పూలు, పండ్లు, చీర పెట్టిన తట్టలతో మామ, అత్త, పెళ్ళికొడుకు, పెద్దలు పట్టుబట్టలతో బోటెక్కారు. ట్యాంకు నిండా పోసుకుని ఈ దరి వెంబడే సామాన్లు ఎక్కించుకొచ్చిన ఇంజను, సరిగ్గా అప్పుడే మొరాయించింది. అవతల మేళం మొదలైంది. రాహుకాలం దగ్గర పడుతోంది. కొడుకు గుంజి గుంజి చొక్కా తడిసిపోయింది. పెట్రోలు చూడమని ఎవరో అంటే, "ఇప్పుడే నింపినాను గదప్పా, మూత తీసేదెందుకు?" అన్నాడు మామ. నేను బండ దిగి బోటు దగ్గరికి పోయాను.

"ఏం పాపా, చూసి నవ్వి రమ్మని మీ నాయన పంపినాడా?"

"నేనే వచ్చినాను మామా. దాన్ని స్టార్ట్ చేసేది నాకు తెలుసు. మా నాయన పెట్రోలు అమ్ముకోలేదని చెప్పు. ఈడ అందరూ ఉండారు గదా."

మామ కొట్టేలా చూశాడు. అత్త, "చెప్పు పోనీ, టైమై పోతా ఉండాది," అంది.

"అమ్ముకోలేదులే," అన్నాడు మామ, నోట్లోని వక్కపొడికి చెప్పినట్టు.

నేను బోటెక్కి, ఎవరికీ కనబడకుండా వీపు అడ్డం పెట్టి, ట్యాంకు మూత తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూత మళ్ళీ బిగించాను. పిన్నీసు నా పావడకే ఉంది, తీయలేదు. అరగొంతు మాటకు సగం నీళ్ళు చాలుననుకున్నాను.

ఇంజను స్టార్టయింది. బోటు పోయింది. నాయన ఆ పక్కనే తన పుట్టిని, చేపలకు పోయే గుండ్రటి బుట్ట పడవను, బోర్లించి తారు పూస్తున్నాడు.

"బెజ్జం పొడిచినావా?"

"లేదు."

నాయనకు అర్థమయ్యేసరికి బోటు నడినీళ్ళలో ఉంది, చప్పుడు లేదు. ఇంజను వచ్చిన కొత్తలో మామ బోటు తెడ్లు చీల్చి పొయ్యిలో పెట్టించాడు. ఇవతలి దరిన ఉన్న పుట్టి మాదొక్కటే. నాయన దాన్ని తిరగేసి నీళ్ళలోకి తొయ్యబోతే, నేను అంచు పట్టుకుని వేలాడాను.

"పిలవనీ నాయనా."

మామ ముందు, "ఎవరన్నా రాండప్పా," అన్నాడు. దరి మీద ఎవరూ కదల్లేదు, అందరూ నాయన వైపే చూశారు. తర్వాత, "మునెప్పా," అన్నాడు. నేను పుట్టి వదల్లేదు. ఎండ ఎక్కింది, అవతల మేళం ఆగిపోయింది. నీళ్ళ మీద చీమ చిటుక్కుమన్నా రెండు దరులకూ వినబడేంత నిశ్శబ్దంలో మామ బోటులో లేచి నిలబడి, నోటి చుట్టూ రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"నాదే తప్పు మునెప్పా, నువ్వు దొంగవు కాదప్పా, రాప్పా."

అప్పుడు పుట్టి వదిలాను, పిన్నీసు తీసి నాయన చేతిలో పెట్టాను. ఆయన పోయి మూత బెజ్జం పొడిచి, ఎండిన గంధం ఊదేసి, తాడు చుట్టి గుంజాడు. ఈసారి బోటు ఆగలేదు. కానీ రాహుకాలం వచ్చేసింది. మామ తట్టలతో సహా వియ్యంకుల దరి మీద అది గడిచేదాకా ఎండలో నిలబడ్డాడు. తాడు మళ్ళీ నాయన భుజానికొచ్చింది. ఆయన ఒక్క మాటా అనకుండా తీసుకోవడం నాకప్పుడు నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

ఇప్పుడు ఆ దరికి తారురోడ్డు ఉంది, బస్సు మా ఊరి దాకా వస్తుంది. బోటు పలకలు ఎవరి పందిరిలో కలిశాయో తెలియదు. గుగ్గిళ్ళ చాటలు పోయాయి, నాయన పోయాడు, మామ పోయాడు, ఆయన కొడుకూ పోయాడు. పోయిన నెల కృష్ణగిరిలో ఒక పెళ్ళిలో, మామ మనవడు నా పక్క ఆకు దగ్గర కూర్చుని స్నేహితులకు ఒక కథ చెప్పాడు. వాళ్ళ తాత పెట్రోలు దొంగిలించిన చెల్లెలి మొగుణ్ణి పట్టుకున్నాడట, అయినా పెద్ద మనసుతో క్షమించి మళ్ళీ పనిలో పెట్టుకున్నాడట. అందరూ మెచ్చుకున్నారు. ఆ పంక్తిలో నేనెవరో వాళ్ళకు తెలియదు.

ఆ కేక విన్నవాళ్ళలో బతికి ఉన్నది, నాకు తెలిసి, నేనొక్కదాన్నే. అందుకే మామ పేరూ నాయన పేరూ దాచకుండా రాస్తున్నాను. ఇది అచ్చయ్యాక మొదటి ప్రతి ఆ మనవడి ఇంటికే పంపుతాను. వాడి పిల్లలకు తెలుగు చదవడం వచ్చునో రాదో కనుక్కున్నాను. వచ్చునట.